స్పీకర్‌కు పడిన చిల్లు



పోస్టు కొంచెం పెద్దగా ఉంటది. తీరిక దొరికినప్పుడే చదవండి.

పోయిన నెల మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగిండు. "అన్నా, పాత రాక్ పాటల్లో వచ్చే ఆ మందమైన గిటార్ సౌండ్ కావాలంటే ఏ గిటార్ కొనాలి, ఏ పెడల్ కొనాలి, మొత్తం ఎంత అయితది?" అని. కింద చాలామంది పేర్లు రాసిన్రు, ధరలు రాసిన్రు. నేను ఏమీ రాయలేదు. తెలియక కాదు. అదే ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ నేను ఒకప్పుడు మా నాయిన పైసలు 9,500 రూపాయలు ఖర్చు పెట్టిన. ఆయనకు చెప్పకుండా. ఆ సంగతి దాచిపెట్టి ఉత్త పెడల్ పేర్లు రాస్తే ఆ తమ్ముడికి సగం నిజమే చెప్పినట్టు అయితది. అందుకే ఇంత ఆలస్యంగా, ఇంత పొడుగ్గా రాస్తున్న.

మాది ధారూర్ దగ్గర తాండా. కోట్‌పల్లి ప్రాజెక్టుకు పోయే తొవ్వలో కొంచెం లోపలికి ఉంటది. మాకు రెండెకరాల కంది చేను ఉంది. చేను పని లేని రోజుల్లో నాయిన పొద్దున రైలుకు తాండూరు పోయి నాపరాయి బండలు లారీలకు ఎత్తుతడు. తాండూరు కందిపప్పు గురించి, తాండూరు బండ గురించి మీ అందరికీ తెలుసు. మా ఇంట్లోకి వచ్చే ప్రతి రూపాయి ఆ రెండింటిలో ఏదో ఒక దాని నుంచే వస్తది.

నేను ఎలక్ట్రిక్ గిటార్ మొట్టమొదట విన్నది ధారూర్‌లోనే. నవంబరులో జరిగే క్రైస్తవ జాతరకు ఏ మతమైనా సరే, చుట్టుపక్కల పిల్లలందరం పోయేవాళ్లం. మాకు కావాల్సింది రంగుల రాట్నం, మిరపకాయ బజ్జీలు. ఆరో తరగతిలో ఉన్నప్పుడు అట్లనే పోతే స్టేజీ మీద ఒకాయన గిటార్ ఒక్క తీగ మీటిండు. ఆ మోత పెద్ద బాక్సుల్లోంచి వచ్చి నా పక్కటెముకలకు తగిలింది. బజ్జీ చేతిలోనే చల్లారిపోయింది. ఆ రోజు నుంచి నాకు చదువు ఒక చెవి, ఆ మోత ఇంకో చెవి అయింది.

డిగ్రీకి హైదరాబాద్ వచ్చిన. హాస్టల్‌లో పక్క మంచం దోస్తు దగ్గర మంచి హెడ్‌ఫోన్లు ఉండేవి. రాత్రి పూట జిమీ హెండ్రిక్స్, లెడ్ జెప్పెలిన్, క్వీన్ అన్నీ వినేవాళ్లం. విన్న తర్వాత వాళ్లు ఏ గిటార్ వాడిన్రు, ఏ ఆంప్ వాడిన్రు అని వెతికేవాణ్ణి. హెండ్రిక్స్‌ది ఎడమచేతి వాటం కాబట్టి కుడిచేతి స్ట్రాటోకాస్టర్‌ను తిరగేసి పట్టుకున్నడు, మార్షల్ ఆంప్, ఫజ్ ఫేస్ పెడల్ వాడిండు అని నోట్‌బుక్‌లో రాసుకున్న. పరీక్షల నోట్సు అంత శ్రద్ధగా ఎన్నడూ రాయలేదు. అప్పటికి నా దగ్గర 3,200 పెట్టి కొన్న సెకండ్ హ్యాండ్ గిటార్ ఒకటే ఉంది. ఆ నోట్‌బుక్ చూస్తుంటే నాకు గిటార్ రాకపోవడానికి కారణం సామాన్లు లేకపోవడమే అనిపించేది.

రెండో సంవత్సరంలో నాయిన కంపెనీ లెక్కల కంప్యూటర్ కోర్సు చేయమని పైసలు పంపిండు. కంది అమ్మిన పైసలు. "ఇది నేర్చుకుంటే బండలు ఎత్తే పని నీకు ఉండదు" అన్నడు ఫోన్‌లో. ఆ పైసలతో నేను సెకండ్ హ్యాండ్ మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్ కొన్న. అంటే ఒకే పెట్టెలో వంద రకాల సౌండ్లు. బటన్ నొక్కితే హెండ్రిక్స్, ఇంకో బటన్ నొక్కితే జిమీ పేజ్ అని రాసి ఉంది దాని మీద.

నొక్కిన. హెండ్రిక్స్ రాలేదు. డబ్బాలో తేనెటీగలు పడ్డట్టు ఒకటే రొద వచ్చింది. తీగ సరిగ్గా నొక్కడం రాని నా వేళ్ల తప్పులన్నీ ఆ పెట్టె పది రెట్లు పెద్దగా చేసి వినిపించింది. ఎఫెక్ట్ ఎంత ఎక్కువ పెడితే తప్పు అంత ఎక్కువ. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా నాయిన అడిగేవాడు, "కోర్సు ఎట్ల నడుస్తుంది రా?" అని. "మంచిగనే నడుస్తుంది" అనేవాణ్ణి. ఎనిమిది నెలలు అట్లనే గడిచినయి.

ఆ టైంలోనే 2017లో వచ్చిన ఒక డాక్యుమెంటరీ గురించి చదివిన. అమెరికా ఆదివాసులు రాక్ సంగీతానికి ఏం ఇచ్చారో చెప్పే సినిమా. పేరు రంబుల్. ఆ పేరు లింక్ రే అనే గిటారిస్టు వాయించిన పాట నుంచి వచ్చింది. మన గ్రూపులో ప్రతి ఒక్కరూ ఈయన గురించి తెలుసుకోవాలి.

లింక్ రే 1929లో నార్త్ కరోలినాలోని డన్ అనే చిన్న ఊర్లో పుట్టిండు. షానీ తెగ మూలాలున్న బీద కుటుంబం. ముసుగులేసుకున్న జాతి దురహంకారులు వస్తున్నారంటే తల్లి పిల్లలను దాచిపెట్టేదని ఆయనే చెప్పుకున్నడు. సైన్యంలో చేసిండు, టీబీ వచ్చింది, ఒక ఊపిరితిత్తి తీసేసిన్రు. ఇక పాడటం కష్టం. అందుకే పాట లేకుండా ఉత్త గిటార్ మీద పడ్డడు.

ఒక డ్యాన్స్ కార్యక్రమంలో అప్పటికప్పుడు పుట్టిన బాణీ అది. జనం మళ్ళీ మళ్ళీ వాయించమన్నరు. కానీ స్టూడియోకు పోతే ఆ గరుకుదనం రాలేదు. శుభ్రంగా, సాఫీగా వచ్చింది. అప్పుడు లింక్ రే ఏం చేసిండంటే, పెన్సిల్ తీసుకొని తన ఆంప్ స్పీకర్ల పేపర్‌కు చిల్లులు పొడిచిండు. అంతే. పేపర్ చిరిగిన స్పీకర్ గరగరమంది. ఆయనకు కావాల్సింది దొరికింది. పాట చివర్లో వణుకుతూ పోయే మోత ఆంప్‌కు ఉన్న ట్రెమలో అనే ఎఫెక్ట్. మొత్తం సామాను అదే.

1958లో రంబుల్ బయటికి వచ్చింది. రంబుల్ అంటే అక్కడి పిల్లల భాషలో వీధి గుంపుల కొట్లాట. ఒక్క మాట కూడా లేని ఆ పాటను కొన్ని రేడియో స్టేషన్లు వేయమన్నయి. పిల్లలు చెడిపోతారని, కొట్టుకుంటారని భయం. మాటలు లేని పాటకు భయపడ్డారంటే ఆ సౌండ్‌లో ఎంత బలం ఉందో ఆలోచించండి. జిమీ పేజ్, ద హూ బ్యాండ్ పీట్ టౌన్షెండ్ లాంటి పెద్దవాళ్లు ఆ పాట తమను మార్చిందని చెప్పుకున్నరు.

ఇంకో సంగతి. తర్వాత లింక్ రే చేతిలో ఎక్కువగా కనిపించిన గిటార్ డానెలెక్ట్రో లాంగ్‌హార్న్. ఆ కంపెనీ గిటార్లు గట్టి అట్టలాంటి హార్డ్‌బోర్డుతో చేసేవాళ్లు. తీగ మోతను పట్టే పికప్‌లను లిప్‌స్టిక్ గొట్టాల్లో పెట్టేవాళ్లు. 1971లో వచ్చిన ఆయన ఆల్బం రికార్డు చేసింది అన్న పొలంలో పాత కోళ్ల షెడ్డులో. ఆంప్ మోత ఎక్కువైతే దాన్ని ఆరుబయట పెట్టి, కిటికీలోంచి మైకు పెట్టి రికార్డు చేసిన్రు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయనను తీసుకున్నది 2023లో. ఆయన పోయింది 2005లో. మనవాళ్లకు గుర్తింపు ఏ టైంకు వస్తదో మీకు తెలిసిందే.

ఇది చదివి నేను నోట్‌బుక్ మళ్ళీ తెరిచిన. ఈసారి ధరలు కాకుండా అసలు ఏం జరుగుతుందో రాసుకున్న. గిటార్ పికప్ అంటే అయస్కాంతం చుట్టూ సన్నటి రాగి తీగ చుట్ట. దాని మీద ఇనుప తీగ ఊగితే చిన్న కరెంటు పుడుతది. ఆంప్ ఆ కరెంటును పెంచుతది. దాని శక్తికి మించి పంపిస్తే అల పైభాగం తెగిపోయి చదునైతది. అట్ల తెగినప్పుడు అసలు స్వరంతో పాటు పై స్వరాలు పుడుతయి. మనం గరుకు, మందం అనుకునేది అదే. ఆంప్‌ను అంత గట్టిగా పెట్టకుండానే ఆ పని చేయడానికి 1960ల మొదట్లో ఫజ్ పెడల్ వచ్చింది. 1965లో రోలింగ్ స్టోన్స్ 'సాటిస్‌ఫ్యాక్షన్'తో అది ప్రపంచమంతా పాకింది. అంటే ఫజ్ పెడల్ చేసింది, పాడైన సామాను మోతను పెట్టెలో పెట్టి అమ్మడమే.

పెద్ద గిటారిస్టుల లెక్క చూసినా ఇదే కనిపించింది. 1969లో వచ్చిన లెడ్ జెప్పెలిన్ మొదటి ఆల్బంలో కొండలు కూలినట్టు వినిపించే గిటార్ వెనక ఉన్నది ఒక టెలికాస్టర్, ఒక చిన్న సుప్రో ఆంప్. క్వీన్ బ్యాండ్ బ్రయాన్ మే గిటార్ ఏ కంపెనీది కాదు. 1963లో ఆయన, ఆయన తండ్రి కలిసి ఇంట్లో మొదలుపెట్టి తయారు చేసిన్రు. మెడకు వాడింది పాత పొయ్యిగూడు చెక్క. స్ప్రింగులు మోటారుసైకిల్ ఇంజన్‌వి. ఆ బ్యాండ్ రికార్డుల్లో వినిపించే ఒక చిన్న ఆంప్‌ను వాళ్ల బేస్ గిటారిస్టు జాన్ డీకన్ చెత్తలో దొరికిన సర్క్యూట్ బోర్డుతో చేసిండు.

తండ్రీ కొడుకులు కలిసి గిటార్ చేసిన్రు అన్న దగ్గర నేను చదవడం ఆపేసిన. నేను నా తండ్రిని కోర్సు నడుస్తుందని నమ్మించిన కొడుకును.

అంత దూరం ఎందుకు, మన తెలుగు నేల మీదనే ఒక పెద్దాయన ఉన్నడు. మాండలిన్ శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టిండు. తండ్రి క్లారినెట్ వాయించేవాడు. ఇంట్లో ఉన్న తండ్రి మాండలిన్‌ను ఆరేళ్ల వయసులో చేతిలోకి తీసుకున్నడు. మామూలు మాండలిన్‌కు ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. మీటితే టింగుమని వెంటనే ఆగిపోతది. కర్ణాటక సంగీతానికి గమకం కావాలి, అంటే స్వరం ఊగాలి, జారాలి. రెండు తీగలు ఒకేసారి లాగితే శ్రుతి చెదురుతది, మోత నిలబడదు. అందుకే ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నడు. జతలు తీసేసి ఒంటి తీగలు పెట్టిండు, తర్వాత ఐదో తీగ కలుపుకున్నడు. ఆంప్ వల్ల స్వరం ఎక్కువసేపు నిలిచింది, వేలు దాన్ని ఊపగలిగింది. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవంలో మొదటి కచేరీ. తొమ్మిదేళ్ల పిల్లగాడు.

ఈ విదేశీ వాయిద్యం కర్ణాటక సంగీతానికి పనికిరాదని ఆయనను కూడా అన్నరు. ఆయన వాదించలేదు, వాయించిండు. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్ లాంటి గిటారిస్టు రిమెంబర్ శక్తి బృందంలో పక్కన కూర్చోబెట్టుకున్నడు. 1995లో మైకేల్ బ్రూక్‌తో కలిసి 'డ్రీమ్' ఆల్బం చేసిండు. ఈ బ్రూక్ ఎవరంటే, తీగ మోత ఆగకుండా నిలబడే ఇన్ఫినిట్ గిటార్ తయారు చేసినాయన. యూటూ బ్యాండ్ 'విత్ ఆర్ వితౌట్ యూ'లో ఆగకుండా సాగే గిటార్ అదే. 1998లో శ్రీనివాస్‌కు పద్మశ్రీ వచ్చింది. 2014లో 45 ఏళ్లకే పోయిండు. ఆయన సామాను మార్చింది గొప్ప కోసం కాదు. తన పాటకు ఏం కావాలో ముందు తెలుసుకున్నడు, దానికి తగ్గట్టు తీగలు తీసేసిండు. నేను పాట ఏదో తెలియకుండానే పెట్టె కొన్న.

మరి నా పాట ఏది? దానికి జవాబు ఆ ఏడు తీజ్ పండుగకు ఇంటికి పోయినప్పుడు దొరికింది.

మా దాదీకి ఢావ్లోలు వస్తయి. పెళ్లికూతురు పుట్టింటిని విడిచిపెట్టేటప్పుడు ఏడుస్తూ పాడే పాటలు. మన బంజారా వాళ్లకు తెలుసు, మిగతా తెగల వాళ్ల కోసం చెప్తున్న. మా తాండాలో అవి పూర్తిగా వచ్చినవాళ్లు ఇద్దరే మిగిలిన్రు. ఇప్పుడు పెళ్లిళ్లకు డీజే బాక్సులు వస్తున్నయి. నేను గిటార్, ప్రాసెసర్ తెచ్చి "దాదీ, నువ్వు పాడు, నేను వాయిస్త, రికార్డు చేద్దాం" అన్న.

అక్కడే కూర్చున్న నాయక్ తాత అన్నడు, "మన పాటకు గిటార్ ఎందుకు రా? నంగారా, థాళీ సరిపోవా?" నా దగ్గర జవాబు లేదు. శ్రీనివాస్ సంగతి చెప్దామనుకున్న. కానీ నాకు నంగారా వాయించడం రాదు. రానివాడు వాదించడం ఏం బాగుంటది?

దాదీ పాట మొదలుపెట్టింది. నేను పెట్టెలో అన్నిటికంటే దుఃఖంగా ఉండే సౌండ్ పెట్టిన. ప్రతిధ్వని, గరుకు, అన్నీ కలిపి. నాలుగు వరుసలు కాంగనే దాదీ ఆపేసింది. "నీ పెట్టె నాకంటే ఎక్కువ ఏడుస్తుంది రా. ఏడ్వాల్సింది నేనా, అదా?" అంది. అందరూ నవ్విన్రు. నేను కూడా నవ్విన. లోపల మాత్రం ఎనిమిది నెలల నుంచి ఏ పుస్తకమూ చెప్పని పాఠం ఒక్క మాటలో తెలిసింది.

పెట్టె తీసి పక్కన పెట్టిన. అటక మీద మా నాయిన పెళ్లినాటి టేప్ రికార్డర్ ఉంది. వెనక మైకు పిన్ను పెట్టే చోటు ఉంది. కోఠిలో 30 రూపాయలకు కొన్న చిన్న కన్వర్టర్ పిన్ను సంచిలో ఉండే. గిటార్ దానికి కలిపిన. స్పీకర్ పేపర్‌ను ఎలుకలు ఒక మూల కొరికినయి. చిన్నగా మీటితే సన్నటి గరగర వచ్చింది. థాళీ మీద వేలు ఆనినప్పుడు వచ్చే జుయ్యిమనే మోత లాంటిది. తంబూరలో కూడా తీగ కింద నూలు దారం పెట్టి ఈ మోతనే కావాలని తెస్తరు, దాన్ని జీవ అంటరు. లింక్ రే పెన్సిల్‌తో పొడిచింది, మా ఇంట్లో ఎలుక కొరికింది, తంబూరలో దారం చేసేది, మూడూ ఒకటే పని.

కానీ మోతకు కింద చెక్కపెట్టె కూడా టకటక కొట్టుకుంటుంది. అప్పటిదాకా గుమ్మంలో కూర్చొని చూస్తున్న నాయిన లేచి బయటికి పోయిండు. పెరట్లో ఉన్న ఒక తాండూరు బండ ముక్క తెచ్చి టేప్ రికార్డర్ కింద పెట్టిండు. టకటక ఆగిపోయింది. "బరువు ఉంటే ఊగదు" అన్నడు. జీవితమంతా బండలు మోసిన మనిషి మాట అది.

టేప్ రికార్డర్‌ను బయట అరుగు మీద ఉంచినం. ఫోన్‌ను లోపల దాదీ దగ్గర పెట్టినం. గిటార్ మోత కిటికీలోంచి మెల్లగా లోపలికి వచ్చింది. దాదీ ఈసారి ఆపలేదు. నాయక్ తాత మాత్రం ఒక షరతు పెట్టిండు: "గిటార్ లేకుండా ఒకటి తియ్యి, గిటార్‌తో ఒకటి తియ్యి. రేపు పిల్లలకు ఏది కావాలో వాళ్లే చూసుకుంటరు." అట్లనే చేసినం. ఆ నాలుగు రోజుల్లో పదకొండు పాటలు రికార్డు అయినయి, రెండేసి సార్లు. నిజం చెప్పాలంటే గిటార్ లేనివే బాగున్నయి. నాలుగు పాటల్లో మాత్రం గిటార్ ఉండాలనిపించింది.

ఆఖరి రాత్రి నాయిన అడిగిండు, "మరి ఆ పెట్టె ఎంతకు తెచ్చినవ్?"

"9,500" అన్న. కోర్సులో చేరలేదని కూడా చెప్పిన.

చాలాసేపు మాట్లాడలేదు. మనసులో ఎన్ని లారీలో లెక్క పెట్టుకుంటున్నడని నాకు తెలుసు. తర్వాత అన్నడు, "పైసలు పోయినయని కాదు రా. ఎనిమిది నెలలు నాతోని ఒట్టిగనే అడిగిపిచ్చుకున్నవ్ చూడు, అదీ."

ఇంకేమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండు అనిపించింది. ఆ సంక్రాంతికి కంది కోతలకు మా చేనులోనే కాకుండా వేరేవాళ్ల చేన్లల్లో కూడా కూలికి పోయిన. ఆ పైసలు, హాస్టల్‌లో ట్యూషన్ చెప్పిన పైసలు కలిపి కోర్సు ఫీజు నేనే కట్టుకున్న. పూర్తి చేసి సర్టిఫికెట్ తెచ్చి చూపించిన. నాయిన దాన్ని రెండు దిక్కులా తిప్పి చూసి టేప్ రికార్డర్ కింద బండ పక్కన పెట్టిండు.

ఇక తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు. ముందు కొత్త తీగలు వేయించు. సగం సౌండ్ అక్కడే మారుతది. తీగలు మెడకు మరీ ఎత్తుగా ఉంటే తగ్గించుకో, శ్రుతి సరిచూసుకో. మూడు నెలలు ఏ ఎఫెక్ట్ లేకుండా వాయించు. గరుకు కావాలంటే నువ్వనుకున్న దానిలో సగమే పెట్టు, రికార్డింగ్‌లో అది రెట్టింపు వినిపిస్తది. ఫోన్‌ను స్పీకర్‌కు ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు, దూరంగా పెట్టు. ముఖ్యంగా, నువ్వు వాయించాల్సిన పాట మీ ఇంట్లో ఎవరికి వస్తదో ముందు కనుక్కో. ప్రధాన్ తమ్ముళ్లూ, మీ తాతల కిక్రీ మోత పక్కన గిటార్ ఎట్ల ఉండాలో మీకే తెలుస్తది, నాకు కాదు.

నా ప్రాసెసర్ మా ఇంట్లోనే ఉంది, పనిచేస్తుంది. ఎవరికైనా నేర్చుకోవడానికి కావాలంటే ధారూర్ స్టేషన్‌లో దిగి మెసేజ్ పెట్టండి, నెల రోజులకు ఇస్త. కిరాయి ఏమీ వద్దు. మీ ఊర్లో ఒక ముసలమ్మ పాట రికార్డు చేసి గ్రూపులో పెట్టాలి, అదే కిరాయి. గిటార్ లేకుండా ఒకటి, గిటార్‌తో ఒకటి.

ఇంకొక్క మాట. అది తీసుకుపోతున్నట్టు ఇంట్లో చెప్పి రండి.